కొసరు మాట

పిస్కోన్‌కు దారి లేదు.
వాగు పక్కన గాడిద వేసిన అడుగుల్నే
దారి అనుకుని నడుస్తారు.

ముందు గాడిద, దాని వెనక ఒయ్‌మో,
ఆ వెనక దుశాంబే నుంచి వచ్చిన మొహిరా,
చేతిలో రికార్డర్, బూట్లలో మంచునీళ్ళు.
అందరికన్నా వెనక నేను,
అడగడానికి భాష లేక చెవులు మాత్రమే తెచ్చుకున్నదాన్ని.
గాడిద మీద రెండు పిండి బస్తాలు, ఒక ఉప్పురాయి,
మనవరాలి పెళ్ళికి గొంగట్లో చుట్టిన అద్దం.

"దీన్నేమంటారు?" అంది మొహిరా, తెలిసే.
"ఖర్" అంది ఒయ్‌మో, దాని పిర్ర మీద చరిచి.
గొంతు అడుగున రాయి మీద రాయి జారిన చప్పుడు.

పాత మాట, అంది మొహిరా,
వేల ఏళ్ళ పాతది.
పారశీకంలో ఖర్, పష్తోలో ఖర్,
ఒసేతీ కొండల్లో ఖరెగ్, కుర్దుల నోట కెర్,
సంస్కృతంలో తోక అంత అకారంతో ఖర.
అయినా వీళ్ళెవరి సొంతమూ కాకపోవచ్చట.
గుర్రాలు తోలుకుంటూ దిగిన జనం
ఇసుక అంచున మట్టికోటల వాళ్ళతో బేరమాడి
జంతువును కొని, పేరును కొసరుగా తెచ్చుకున్నారేమో.
అమ్మినవాళ్ళ భాష పోయింది.
నీళ్ళకు వాళ్ళేమనేవాళ్ళో తెలీదు,
అమ్మనేమని పిలిచేవాళ్ళో తెలీదు.
బేరం పోయి కొసరు మిగిలింది.

"అంటే బాకీ" అంది ఒయ్‌మో. "తీర్చలేదా?"
"తీసుకోడానికి ఎవరూ లేరు."

ఆమె నవ్వలేదు. చాలాసేపు నడిచాక అంది:
డెబ్బైలో, మంచు కరగకముందే హెలికాప్టర్లొచ్చాయి.
కింద పత్తి చేలకు మనుషులు కావాలట.
మనిషికో మూట. గాడిదలు ఎక్కకూడదు.
నాన్న తాడు విప్పి వదిలేశాడు.
పైనుంచి చూశాను, నోరు తెరుచుకునే ఉంది.
రెక్కల హోరులో ఏమీ వినపడలేదు.

మైదానంలో మాకు మాట ఉంది, జంతువు లేదు.
బళ్ళో మా భాష పలికితే
తాజిక్ పంతులు ఆ ఒక్క మాటతోనే తిట్టేవాడు.
ఆయన భాషలోనూ అదే మాట.
విడమరిచి చెప్పే శ్రమ తప్పింది.
అక్కడ పుట్టిన తమ్ముడికి చాన్నాళ్ళు
ఖర్ అంటే మనిషే.

పదమూడేళ్ళకు తిరిగొచ్చాం.
ఇంటికి గోడలున్నాయి, కప్పు లేదు.
నాన్న ముందు కప్పు వేయలేదు, గాడిదను కొన్నాడు.
దాని చెవి దగ్గర నోరుపెట్టి
మెల్లగా, తిట్టు కాకుండా, ఆ మాట అన్నాడు.
తమ్ముడు అప్పుడు చూశాడు దాన్ని.
"ఇదా?" అన్నాడు.

మా వైపు అరవై ఏళ్ళకోసారి
ఒక ఏడాదికే ఆ పేరు పెడతాం, అన్నాను.
పంచాంగం నవ్వకుండా చదువుతుంది, శ్రీ ఖర నామ సంవత్సరం అని.
మా అమ్మ పుట్టింది ఆ ఏడే.
మొహిరా దాన్ని రష్యన్‌లో పట్టుకుని
యఘ్నోబీలో దించేలోగా
ఎంత ఒలికిందో తెలీదు.

"ఏడాది మొత్తాన్నీ మోస్తుందా?" అంది ఒయ్‌మో.
కాసేపు ఆలోచించి,
"మోస్తుందిలే" అంది.

వాగు దాటేచోట అది ఆగింది,
ఒక గిట్ట నీళ్ళలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.
ఎవరూ అదిలించలేదు.
అవతలి ఒడ్డున గొంగడి విప్పి చూశాం.
అద్దం పగల్లేదు.