గుడ్డి వైపు

పంది కళ్ళతో మొదలైంది నా చదువు.
తెల్లారకముందే మాంసం కొట్టు ముందు
స్టీలు గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని.
కూరకి అనుకుని ఒకసారి
కాలేయం ముక్క కూడా వేసి ఇచ్చాడతను.

మంచు మీద ఆరు కళ్ళు,
ఒక్కొక్కటీ ఒక్కో వైపు చూస్తూ.
మైక్రోస్కోపు కింద
వెంట్రుకకన్నా సన్నని దారం
నా ఊపిరికే ఊగేది.
గుండె రెండు దెబ్బల నడుమ కుట్టు వెయ్యి, అనేవారు మా సారు.
రెండు నెలలు కాఫీ మానేశాను.
చింపేసిన కళ్ళెన్నో పుస్తకంలో రాసుకున్నాను,
నూట పద్నాలుగు దాకా. తరవాత రాయలేదు.

మనుషుల కళ్ళ డాక్టరుకి గోడ మీద అక్షరాలుంటాయి.
నాకు దూది ఉండ.
ముఖం ముందు వదిలితే చప్పుడు లేకుండా పడుతుంది.
చూపు దానితో పాటు దిగిందా, లేదా?
ఇంకొకటి: అరచెయ్యి ఎత్తి
కొట్టబోయినట్టు కంటిదాకా తేవడం.
గాలి తగలకూడదు.
రెప్ప పడితే చూపున్నట్టు.
వారం దూడ రెప్ప వెయ్యదు.
కన్ను బాగానే ఉంటుంది,
చెయ్యంటే ఏమిటో ఇంకా తెలీదు, అంతే.

పర్లాకిమిడిలో నా ఆసుపత్రి
రెండు గదులు, పశువుని నిలబెట్టే ఇనప చట్రం,
కరెంటు పోతే టార్చి పట్టే బృందావన్.
బోర్డు మీద ఒడియా గుండ్రంగా, తెలుగు గుండ్రంగా,
దూరం నుంచి రెండూ ఒకటే.
కోతల్లో వరి ముల్లు గుచ్చుకున్న గేదెలొస్తాయి,
కంట్లో తెల్ల పురుగు ఈదే ఆవులు,
కొండ మీంచి సవరవాళ్ళు భుజాన మోసుకొచ్చే మేకలు.
రంగు చుక్క వేసి నీలం దీపం పడితే
పుండు మిణుగురులా పచ్చగా వెలుగుతుంది.
అందంగా ఉంటుంది. పైకి అనను.

శ్రావణంలో ఎద్దుని తోలుకొచ్చాడు దండాసి మహారాణా.
కొమ్ముపని మనిషి, అరెకరం సేద్యం.
గేదె కొమ్ము కాచి, సాగదీసి కొంగలు చేస్తాడు.
ఎద్దు ఎడమ కంటి మీద
కాలీఫ్లవర్ ముక్కలాంటి కండ.
"ఆకు పసరు పోసాం, ఉప్పునీళ్ళు పోసాం.
సూపొస్తాదేటమ్మా?"
రాదన్నాను. కన్ను తీసెయ్యాలన్నాను.
తీస్తే ఎద్దు మిగులుతుందన్నాను.
అతను ఒడియాలో ఏదో గొణుక్కుని
తెలుగులో ఒప్పుకున్నాడు.

సగం ముఖం మొద్దుబారి
నిలబడే ఉంది ఎద్దు.
మిగిలిన కన్ను అవతలి వైపు,
దండాసిని చూస్తూ ఉండుంటుంది.
నలభై నిమిషాలు. రెప్పకి రెప్ప, పన్నెండు కుట్లు.
లావు దారం.
అన్నేళ్ళు నేర్చుకున్న సన్నదనం ఏదీ
ఆ రోజు నాకు పనికి రాలేదు.

కుట్లు విప్పిన నాడు
జేబులోంచి గుడ్డమూట తీశాడు.
నల్ల కొమ్ముతో చేసిన కన్ను,
మధ్యలో తడిలాంటి మెరుపు.
"కొంగకి ఆకర్న కన్ను పెడతామమ్మా.
పెట్టకపోతే అది కొమ్మే."
ఒంట్లో పెడితే చీము పడుతుందని చెప్పాను.
ఎంత మెల్లిగా చెప్పినా గట్టిగానే వినపడింది.
అతను దాన్ని నా బల్ల మీది చీటీల మీద పెట్టి
"గాలికి ఎగరవు" అన్నాడు.

వెళ్ళేముందు చెప్పాను:
ఎడమ పక్కనుంచి ఉన్నట్టుండి ముట్టుకోకు,
బెదిరి కుమ్ముతుంది.
ముందు పలకరించు.
"ఏ బాసలో?"
ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.
దున్నేటప్పుడు తెలుగు,
గడ్డి వేసేటప్పుడు ఒడియా అట వాళ్ళింట్లో.

ఇవాళ సంత దారిలో కనిపించారు.
బండికి ఎడమ పక్కన కట్టిన ఎద్దు,
దాని గుడ్డి వైపే నడుస్తూ దండాసి,
కొమ్ము ధర, వాన, కూతురి పరీక్ష,
నోరు మూయకుండా దానికి చెప్తున్నాడు.
నేనూ అటువైపు నుంచే దాటాలి.
"వస్తున్నాను" అన్నాను పైకి.
చెవి తిరిగింది.