అయిదుకీ అరవైకీ మధ్య

గుంతకల్లు స్టేషన్ ఎదురుగా
ఇరవై రెండేండ్లు నిలబడి వండినోణ్ని.
ఈ పొద్దు కూర్చోబెట్టి పాఠం చెప్తాండారు.

నిన్నటి పెండ్లి పూలు ఇంకా వాడని కల్యాణ మండపంలో
ప్లాస్టిక్ కుర్చీల మీద నలభై మందిమి,
తలకు నీలం టోపీలు.
"కుళ్ళాయప్పకు కుళ్ళాయి పెట్టినారు చూడు"
అని బోండా మాస్టర్ దస్తగిరి ఒకటే నవ్వు.
పరోటా వేసే ఒడియా పిల్లోనికి తెలుగు రాదు,
టోపీ మాత్రం అందరికన్నా సక్కంగా పెట్టుకున్న్యాడు.

సువర్చల మేడం నా చేతులకు నూనె పూసి, పసుపు చల్లి
కడుక్కో పో అనింది.
సబ్బు అరిగేటట్లు కడిగినా
గోటి కింద, ఉంగరం కింద
పసుపు అట్లనే ఉండాది.

తర్వాత ఒక సూది చూపించింది,
గుచ్చితే అంకె చెప్పే సూది.
అయిదు డిగ్రీలకూ అరవైకీ మధ్య
కంటికి కనపడనివి పెరుగుతాయంట,
ఇరవై నిమిషాలకు రెట్టింపు.

నా లెక్క వేరే ఉండె.
సాంబారు పులిసిందంటే ముక్కు చెప్తాది.
బొరుగులు మెత్తబడితే చెవి చెప్తాది.
వాసన మారనిదాన్ని, రుచి చెడనిదాన్ని
యా అవయవంతో పట్టుకునేది?

"మీ వంట తిని ఎవరికన్నా బాగలేకుండా అయ్యిందా?"
ఒక్క చెయ్యీ లేవలేదు.
అబద్ధం కాదు. మాకు తెల్దు.

ఊర్లో హోటలైతే తెల్లారి మనిషొచ్చి
గల్లా ముందర నిలబడి తిడతాడు.
మాది స్టేషన్ హోటల్.
తిన్నోడు మూతి తుడుచుకునే లోపల బండి కూత.
వానికి కడుపు తిప్పేది
రాయచూరు దాటినాకనో, బొగద సొరంగంలోనో.
ఆ వాంతికి నా పేరు తెల్దు.

ఒక ఎండాకాలం, రాత్రంతా కరెంటు లేదు.
పొద్దున్నే ఫ్రిజ్ కింద నీళ్ళ మడుగు.
"ఇంకో ఉడుకు రానీ, మసాలా తగిలియ్యి" అన్న్యాడు ఓనరు.
తగిలిచ్చినా.
పచ్చ రవికె ఆమె, చంకలో బిడ్డ.
ఒకే ప్లేటు, ఒక ముద్ద తనకు, ఒక ముద్ద బిడ్డకు.
"బాగుందన్నా" అని ప్యాసింజరు ఎక్కె.
అంతే.
ఏమీ కాలేదు అనుకున్న్యా.
పదకొండేండ్లు అదే అనుకుంటా వచ్చినా.

సర్టిఫికెట్లో నా పేరు తప్పు పడింది.
ఒక అక్షరం పోయి "కుళ్ళప్ప" అయ్యింది.
మేడం దిద్దిస్తా అనింది.
ఉండనీలేమ్మా అన్న్యా.

ఓనరు దానికి అద్దం కట్టించి
లక్ష్మీదేవి పటం పక్కన మేకు కొట్టినాడు.
పదకొండున్నర రాత్రి.
గిన్నె అడుగున మధ్యాన్నం కోడికూర,
ఇంకో ఆరు ప్లేట్లు అవుతాది.
సూది గుచ్చినా. నలభై ఒకటి.
మళ్ళా గుచ్చినా.
తీసుకపోయి డ్రమ్ములో వంచినా.
"ఏందిరా అది!"
"జీతంలో పట్టుకో."

సంచి భుజానేసుకోని ఒకడు వచ్చె.
"కోడికూర లేదా?"
"లేదబ్బా. ఉగ్గాని వేడిగా చేసిస్తా, కూర్చో.
యాడిదాకా పోతావు?"