తడి తగలకూడని పది రోజులు

గున్సాన్ ఓడరేవు వెనక, నూడుల్స్ కొట్టు మీద నా గది.
బోర్డు పెట్టలేదు. తెలిసినవాళ్ళే మెట్లెక్కుతారు.
ఓక్‌బున్ ఆయాసపడుతూ ఎక్కింది,
వేళ్ళు ఎప్పటిలాగే నాని, ముడతలు పడి.

పంతొమ్మిదేళ్ళుగా వేడినీళ్ళ స్నానశాలలో
ఊరివాళ్ళ ఒళ్ళు రుద్దే మనిషి.
మా అమ్మ వీపు తెలుసు ఆమెకి. నాదీ తెలుసు.
"ఆవిరికి ఉడికి రాలిపోయాయి" అంది,
కనుబొమలుండాల్సిన చోట బొటనవేలు రాసుకుంటూ.
వరి కోసిన మడిలో కొయ్యకాళ్ళలా నాలుగైదు వెంట్రుకలు.

సిరా పూసిన దారం లాగి కొలతలు వేశాను.
ఎముక ఎటు పొమ్మంటే అటు పోయాను, సొంత తెలివి వాడలేదు.
మత్తు పూత. ఇరవై నిమిషాలు. ఆమె గురక.
తరవాత సూది. వెంట్రుకకొక గాటు,
గాటుకొక చుక్క గోధుమరంగు.
నుదుటి రాత రాసేవాడు పైన రాసి వెళ్ళిపోతాడు,
నేను దాని కింద గీత గీస్తాను,
అదీ రెండేళ్ళకి వెలిసిపోయే గీత.

జాగ్రత్తల కాగితం చదివి వినిపించాను:
పది రోజులు తడి తగలకూడదు.
ఆవిరి అసలే వద్దు. చెమట పట్టే పని వద్దు.
మందు పలచగా అద్దండి, రుద్దకండి.
పక్కు కడుతుంది, దురద పెడుతుంది, గోరు వెయ్యకండి.
దానంతట అదే రాలాలి.

"రుద్దకూడదా!"
నవ్వింది. నవ్వొద్దని కసిరాను.
"ఊరందరి మట్టీ రుద్ది బతికినదాన్నే పిల్లా."

మూడో రోజు ఫోను.
"బొగ్గుతో గీసినట్టున్నాయి."
తగ్గుతుందన్నాను.
"అది కాదు."
వెనకాల ఏదో కుతకుత ఉడుకుతోంది. ఆవిరికి దూరంగా నిలబడమన్నాను.
"ఇంట్లో అద్దానికి మసక పట్టదు కదా.
ఇన్నేళ్ళలో ఇంతసేపు నన్ను నేను చూసుకోలేదు.
చూస్తే మా అక్క ఉంది."

అక్క కుమ్‌రే. ఇక్సాన్‌లో ఉంటుంది, బస్సెక్కితే ముప్పావుగంట.
అమ్మ పోయాక కిమ్చీ ఫ్రిజ్ దగ్గర మాటా మాటా పెరిగింది.
పదకొండేళ్ళు.
"పళ్ళు తోముకుంటుంటే చూస్తోంది,
కనుబొమలు ముడేసి మరీ."
ముడి నేను వెయ్యలేదు, ఎముకని బట్టి గీశానంతే అన్నాను.
"ఎముక ఒకటే మరి" అంది.

ఏడో రోజుకి పక్కులు రాలాయి, దిండు మీద నువ్వుల పొట్టులా.
కింద ఏమీ లేదు. పాలిపోయిన చర్మం.
అందరూ ఆ రోజే నన్ను తిడతారు, డబ్బు తిరిగిమ్మంటారు.
లోపలికి వెళ్ళిందండీ, నాలుగో వారం పైకి తేలుతుంది అంటాను.
నమ్మరు.
నిజానికి ప్రతిసారీ నేనూ కాస్త నమ్మను.

ఓక్‌బున్ తిట్టలేదు.
"వెళ్ళిపోయింది" అంది, ఫోను పెట్టేసింది.
ఆ సాయంత్రమే స్నానశాలకి వెళ్ళిందట,
నా కాగితాన్ని మడిచి లాకర్లో పెట్టి.
పక్షవాతం వచ్చిన ముసలావిడ ఒకావిడ,
ఈమె చెయ్యి తప్ప ఒంటి మీద పడనివ్వదు.

ఆరో వారం మెరుగులు దిద్దడానికి వచ్చింది.
కుడిది చక్కగా తేలింది.
ఎడమదాని తోక దగ్గర జానెడు ఖాళీ,
జానెడంటే గింజంత, నా కంటికి జానెడు.
చెమట తినేసింది.
సూది విప్పాను.
ఆమె నా మణికట్టు పట్టుకుంది, వీపులన్నీ తెలిసిన ఆ చేత్తో.

"దీన్నిలాగే ఉంచు.
అక్కకి అక్కడ నూనె చిందింది చిన్నప్పుడు.
వేపుతున్నది నేను."

ఎడమవైపా అని అడిగాను.
"కుడి. అద్దంలో సరిపోతుంది."

పుస్తకంలో రాసుకున్నాను: ఎడమ తోక, వద్దన్నారు.
డబ్బు సగమే తీసుకున్నాను, అయినా బేరమాడింది.
మెట్ల దగ్గర ఆగి, "ఎన్నాళ్ళుంటాయివి?"
రెండేళ్ళు. ఎండలో తిరిగితే ఇంకా ముందే పోతాయి.

"అయితే టోపీ కొనాలి" అంటూ దిగిపోయింది.