గురిగింజ ఎత్తు

మునిగుడ బస్సు దిగి
వాగు వెంట రెండు కోసులు నడిస్తే సునాగుడ.
ఆ కొండకి కుయీవాళ్ల దగ్గర వేరే పేరుంది,
మాకెవరికీ చెప్పలేదు.
మేం బొబ్బిలి నుంచి, పార్వతీపురం నుంచి
బతకడానికి వచ్చినవాళ్లం.
పైడి అన్నాం. దేశియావాళ్లు సునా అన్నారు.
కొండ దేనికీ పలకలేదు.

నేను లాంపు రూములో గుమస్తాని.
ఇత్తడి బిళ్ళ తీసుకుని దీపం ఇవ్వడం,
దీపం తీసుకుని బిళ్ళ ఇవ్వడం.
కొండ కడుపులో ఎంతమందున్నారో
ఏ గంటకా గంట లెక్క తెలిసినవాణ్ణి.
ఒక్కసారీ లోపలికి దిగనివాణ్ణి.

లోపలి సంగతులన్నీ బూరాడ పైడయ్య చెప్పేవాడు,
బిళ్ళ నంబరు నూట పద్నాలుగు.
దుంగలు నిలబెట్టి కప్పు మోయించే పని అతనిది.
"ఇనప దిమ్మ చెప్పకండా ఇరిగిపోతాది బావూ.
గుగ్గిలం దుంగ ముందుగాల మూలుగుతాది.
ఆ మూలుగు ఇన్నోడే ఇంటికొస్తాడు."

ఎర్రటి ఖొండలైటు రాయి,
అందులో దానిమ్మ గింజల్లా గార్నెట్లు,
దాన్ని అడ్డంగా కోసుకుంటూ ఒక తెల్ల చార, పలుగురాయి.
కొండ ఎప్పుడో పగిలిందట.
ఆ పగుల్లోకి అడుగునుంచి సలసల కాగే నీళ్లెక్కి
ఎవరికీ తొందర లేని కాలంలో చల్లారి
గంజి మీద మీగడలా తెట్టుకట్టాయట.
ఆ తెలుపులో ఎక్కడో పసుపుంది.
కంటికి ఆనదు.
కంటికి ఆనేదంతా కాకిబంగారం,
కొత్త కుర్రాళ్లు మొలలో దోపుకుని
గేటు దగ్గర పట్టుబడేది.

నాలుగో అంతస్తులో చార తెగిపోయింది.
ఇంజనీరు మ్యాపు పరిచి ఫాల్టు అన్నాడు.
పైడయ్య గోడకి అరచెయ్యి ఆనించి
"కొండ పక్కకి ఒత్తిగిల్లినాది, అంతే" అన్నాడు.
పదకొండడుగులు కిందికి, ఎడమకి తవ్వితే
దొరికింది, మళ్ళీ తెల్లగా,
ఏమీ ఎరగనట్టు.

టన్ను రాయికి ఆరు గ్రాములు.
కొన్నాళ్లకి నాలుగు. తర్వాత రెండున్నర.
తర్వాత ఒక కాగితం.

పంపులు ఆపిన రాత్రి
కాలనీ అంతా లేచి కూర్చుంది.
ఆ చప్పుడు లేకపోవడం అంత పెద్దగా వినబడింది.
ముందు తొమ్మిదో అంతస్తు మునిగింది.
వానల్లో ఆరోది.
మావాళ్లు అన్నం గిన్నెలు తగిలించే మేకులున్న నాలుగోది
దసరాకి.
సొరంగం మూతినుంచి ఇప్పటికీ తుప్పురంగు నీరు
సన్నగా కారుతూనే ఉంది.

రాయగడ డాక్టరు ఎక్స్‌రేని కిటికీకి పట్టాడు.
నల్లటి రాతిలో తెల్లటి చారలు.
ఆ మ్యాపు నేనెక్కడో చూశాను.
పైడయ్యా చూశాడు. నవ్వబోయి దగ్గాడు.
"నాను దాన్లోకి ఎల్తున్నాననుకున్నాను బావూ.
అదే నాలోకి వచ్చీసినాది."

పోయిననాడు నోట్లో పెట్టడానికి
ఇంట్లో పిసరు బంగారం లేదు.
ఆవిడ ముక్కుపుడక మందుల కిందే కరిగిపోయింది.
ముప్పై ఒక్క ఏళ్లు కొండని భుజమ్మీద మోసినవాడు,
పేరులో తప్ప ఇంకెక్కడా పైడి లేదు.
గడపలో జనం ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే
వాగులో ఇసుక కడిగే సుకుమొతి వచ్చింది.
కొంగు ముడిలోంచి నెమలీక కాడ తీసి
అరచేతిలో తట్టింది.
గురిగింజలో సగం ఎత్తు.
"మీ గనిదే. పైనుంచి కొట్టుకొచ్చింది" అంది
వచ్చీరాని తెలుగులో.

మూడోనాడు బూడిద వాగులో కలిపాం.
తిరిగొస్తూ వంపు దగ్గర వెనక్కి చూస్తే
మోకాటి లోతు నీళ్లలో వంగి
ఆమె చెక్క తట్ట తిప్పుతోంది,
బియ్యంలో రాళ్లు గాలించినట్టు, నెమ్మదిగా.
కొడుకు అటు ఉరకబోయాడు.
చెయ్యి పట్టుకున్నాను.
దుంగ మూలిగినట్టు ఏదో అన్నాడు,
ఆగాడు.

ఆ రాత్రి లాంపు రూము పాత పుస్తకం తీశాను.
నూట పద్నాలుగుకి ఎదురుగా
దీపం ముట్టినట్టు
సంతకం పెట్టాను.