కడుపు రంగు

ముప్పై నాలుగేళ్లు
సెంగ్లియా రేవులో ఓడలకు రంగులేశాను.
తాళ్ల పలక మీద వేలాడుతూ
వీధి పొడుగు ఉక్కుగోడను
నాలుగు రోజుల్లో ఎర్రగా చేసేవాణ్ని.
నాది చెయ్యి కాదు, చీపురు అనేవాళ్లు.

ఇప్పుడు నా అరచేతిలో
చిన్న ప్లాస్టిక్ యుద్ధవిమానం.
దాని రెక్క నా చూపుడువేలంత ఉండదు.
దాని ముందు నేను
పలక పట్టుకుని మొదటిరోజు బడికొచ్చిన వాణ్ని.

"రంగుని పాలలా పలచన చెయ్యి" అన్నాడు కొట్టు వీజి,
అరువిచ్చిన ఎయిర్‌బ్రష్ చేతిలో పెడుతూ.
ఏ పాలో చెప్పలేదు.
మొదటిసారి మేకపాలు.
ముక్కు పూడుకుపోయి దగ్గింది గొట్టం,
రివెట్లన్నీ ఇసుకరంగులో మునిగిపోయాయి.
రెండోసారి హోటలు పాలు.
రంగు రెక్క మీద సాలీడు కాళ్లు చాపి
అక్కణ్నుంచి నా మోకాలి మీదికి దిగింది.
లిబ్రాటా నవ్వలేదు.
నవ్వకుండా ఉండటం ఎంత కష్టమో
వెనక్కి తిరిగిన ఆమె భుజాలు చెప్పాయి.

ఇసుక ఆరాక గోధుమ మచ్చలు.
జిగురుముద్దను సన్నని పాముల్లా నులిమి
కాగితంలోని పటం చూస్తూ
వంపుకు వంపుగా హద్దుల మీద పడుకోబెట్టాను.
మర్నాడు ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ లేపాను.
ఎడమ రెక్క మీద అంచు
పొగలో పొగ కలిసినట్టు కలిసింది,
అలాగే ఉండాలట.
కుడి రెక్క మీద
నా బొటనవేలి నిశానీ,
చదువురానివాడి సంతకం.

ఎడారి లేని దీవికి ఎడారి రంగులేమిటని అడిగాను.
అవి వేరే చోటికని వేసినవట.
సముద్రం మీద వస్తుండగా ఎవరికో తట్టిందట,
నీళ్ల మీద ఇసుక దాక్కోదని.
ఓడ డెక్కు మీదే ఆదరాబాదరా నీలం పులిమారట.
ఏ నీలం?
వీజి ముగ్గురిని అడిగితే నాలుగు నీలాలు చెప్పారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
ఎగిరే వాటికి ఆ నీలం పూసింది ఎవరు?
ఓడకని తెచ్చిన డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి,
పెద్ద బ్రష్షుతో, ఊగే డెక్కు మీద,
నా చీపురు లాంటి చేతులవాళ్లే.
లేచి వెళ్లి
వేలిముద్ర చెరపడానికి తీసిపెట్టుకున్న గరుకు కాగితం
సొరుగులో పడేశాను.

పక్కింటి ఫిలుమెనాకు ఎనభై ఎనిమిది.
"పైన ఏ రంగుండేది, గుర్తుందా?"
"పైన ఏముందో పైవాడికి తెలియాలి.
మేం రాతిలో తొలిచిన గదిలో ఉండేవాళ్లం.
మెట్లెక్కి తల బయటపెడితే
మాకు కనిపించేది కడుపే.
మా అమ్మ ఆ కడుపు చూసి, మోత విని
మనదో కాదో చెప్పేది.
రొట్టె తూచి ఇచ్చే రోజులు, నాయనా.
పైనా కడుపులే, కిందా కడుపులే."

ఇంటికొచ్చి విమానాన్ని వెల్లకిలా తిప్పాను.
ఇన్ని వారాలూ అటు చూడనేలేదు.
బూడిదరంగు ప్లాస్టిక్, అతుకు దగ్గర ఎండిన జిగురు,
అల్మారాలో పెడితే ఎవరు చూస్తారని వదిలేసిన వైపు.
మూడు రాత్రులు పట్టింది.
అతుకు నున్నగా గీకాను, 
తడి వేలితో తడిమి మళ్లీ గీకాను.
దగ్గుమందు మూతలో నీలంలోకి తెలుపు
చుక్క, ఇంకో చుక్క,
తలుపు తీసి ఆకాశంతో పోల్చుకుని
ఇంకో అరచుక్క.
ఈసారి పాలు సరిగ్గా కుదిరాయి.

ఫిలుమెనా మంచం మీద, దూలానికి
చేపల దారంతో వేలాడదీశాను.
ముడి ఎక్కడో తేడా పడి
అది ఎడమవైపుకే వాలుతోంది.
ఆమె పడుకునే చూసింది చాలాసేపు.
మెడ చాపింది,
చెవి ఒకటి పైకి పెట్టింది.

"మరీ కిందికుంది" అంది.
కుర్చీ మీద స్టూలు వేసుకుని కట్టాను.
"ఇంకా పైకి."



ఇంకా పైన కప్పే ఉంది.