మైనస్ ఇరవై

దర్గామిట్ట ల్యాబులో
వేసవి పొడుగునా గొణుగుతూనే ఉంది ఫ్రీజరు.
మైనస్ ఇరవై చాల్లే అన్నారు కొనేటప్పుడు.
లోపల వేలెడేసి గొట్టాల్లో
గడ్డకట్టిన ఎర్ర కణాలు.

నలభై రెండోది చెంగాళమ్మది.
వైశాఖంలో మైపాడు బస్సు దిగొచ్చి చెయ్యి చాపింది.
గోడల్లోంచి ఎవరో పిలుస్తారంట, ఇంటిపేరుతో సహా.
"నా నెత్తురు ఎట్టుండాది పాపా?"
చూసి చెప్తానన్నా.

చూసేసరికి కార్తీకం.
కణాన్ని చుట్టుకునే పొరలో
చేపలిచ్చే ఆ కొవ్వు
కాగితమ్మీద అడుగంటిపోయి ఉంది,
రోజూ కవళ్ళు తినే మనిషికి!
డాక్టరుగారు మురిసిపోయి గీత గీశారు:
జబ్బున్నోళ్ళు కింద, లేనోళ్ళు పైన.
ఒక్కరూ గీత దాటలేదు.
అదే నాకు నచ్చలేదు.

వీళ్ళ నెత్తురు రోహిణి ఎండల్లో తీశాం,
వాళ్ళది మొన్న, తుపాను వానలో.
నడుమ ఆరు నెలలు,
ఎవరూ రాసిపెట్టని కరెంటు కోతలు.

ఎవరికీ చెప్పలేదు గానీ
ఆ వైశాఖం రోజే నా నెత్తురూ కాస్త తీసి
పేరు రాయకుండా
చెంగాళమ్మ పక్కన నిలబెట్టా.
ఈ రాత్రి దాన్నీ, పొద్దున తీసిన తాజా చుక్కనీ
ఒకే మిషన్లో పెట్టా.

తాజాది పైన, లేనోళ్ళలో.
పాతది గీత కింద
ఆమెని ఆనుకుని.

రిపోర్టు సంగతి రేపు చూడొచ్చు.
పాపా అని పిలిచినందుకైనా
ముందు ఆమెకి చెప్పాలి:
నీ నెత్తురు ఎట్టుండాదో
మాకు తెలీలేదమ్మా,
మా ఫ్రీజరు ఎట్టుండాదో తెలిసింది.