ముప్పై లెక్కెట్టు

ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.
ఆ తర్వాత పదకొండు.
ఆరో సెమిస్టర్ ఇంటర్నల్స్ లిస్టులో
నా హాల్‌టికెట్ నంబరు ఎదురుగా
ఎవరో వేరే పిల్ల మార్కులు ఎక్కించేశారనుకున్నాను.

మార్చిలో ఒక మంగళవారం
లా కాలేజీ ఉత్తరం వచ్చింది.
పరుగెత్తుకుంటూ తీసుకెళ్తే
నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర నిలబడి చదివాడు నాన్న.
రెండో షిఫ్టు సైరన్ కూసేసింది.
మడిచి, చొక్కా జేబులో పెట్టుకొని లోపలికెళ్లిపోయాడు.
రాత్రి ఇంటికొచ్చేసరికి ఆ కాగితానికి
గోనెపీచు వాసన, మెషీన్ నూనె మరక.
"సీటిచ్చీసినారట" అని వీధంతా ఒకటే మాట.
మూడో పేరాలో ఒక షరతుంది,
డిగ్రీ పేపర్లన్నీ ఒకే విడతలో పాసైతేనే అని.
మరక సరిగ్గా దాని మీదే పడింది.
కాబట్టి ఎవరమూ చదవలేదు.
అబద్ధం. నేను చదివాను.

మర్నాటి నుంచి
ఏడున్నర బస్సు ఎనిమిదిన్నర బస్సయింది.
మూడు లాంతర్ల దగ్గర దిగాల్సినదాన్ని
కోట దాకా నడిచిపోయి
కందకం గోడ మీద కూర్చుని
ఉడకేసిన వేరుశనక్కాయలు తిన్నాను.
రికార్డు బుక్కులో పద్నాలుగో ప్రయోగం దగ్గర
ఆగిపోయిన పెన్సిల్ గీత
ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏం చేశావే ఇన్నాళ్లూ అంటే
చెప్పడానికి ఏమీ లేదు.
బద్ధకం కూడా కాదది.
దిగే ఊరు వచ్చేస్తోందని
సంచి భుజానికేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాక
కూర్చున్న సీటు మనది కాదనిపిస్తుంది చూడండి, అది.
వెనక్కి తిరిగేసరికి అక్కడ ఎవరో కూర్చున్నారు.
రైలు మాత్రం
కోరుకొండ అవుటర్లో ఆగిపోయి ఉంది.

లలితకుమారి మేడం తిట్టలేదు.
"సీటొచ్చిందటగా" అంటూ పేపరు చేతికిచ్చింది.
తిట్టి ఉంటే బాగుండును.

ల్యాబులో నిన్న టైట్రేషన్.
ఫ్లాస్కులో గులాబీ రంగు కనబడగానే
బ్యూరెట్ కుళాయి కట్టేసి రీడింగు రాసేసుకున్నాను.
గ్లాసులు కడుగుతున్న తవిటయ్య తలెత్తి,
"అప్పుడే కట్టీసినావేటమ్మా? కలిపి చూడు" అన్నాడు.
కలిపాను.
గులాబీ ఒక మెలిక తిరిగి
నీళ్లలోకి నీళ్లయిపోయింది.
"ముప్పై లెక్కెట్టు. అప్పటికీ ఉంటే ఉన్నట్టు."
పదో తరగతి తప్పిన మనిషి
ముప్పై రెండేళ్లుగా మా అందరి రంగులూ
లోలోపల లెక్కపెడుతూనే ఉన్నాడు.
రాసుకున్న అంకె కొట్టేశాను.
రబ్బరుతో చెరిపినా అచ్చు పోలేదు.

పుణ్యవతికి ఏ సీటూ రాలేదు.
ఫిబ్రవరి చివర్లో నా నోట్సు తీసుకుంది,
జ్వరమొచ్చి క్లాసులు పోయాయని.
నేను మళ్లీ అడగలేదు.
నాకు పదకొండొచ్చిన పేపర్లో
తనకి ఇరవై ఆరు.

సాయంత్రం బస్సులో పక్కన కూర్చుని
ఆ పుస్తకం తెరిచింది.
నా గుండ్రటి అక్షరాలు,
మార్జిన్లో నేను గీసుకున్న పిచ్చి పువ్వులు,
ఎర్ర స్కెచ్‌పెన్ డబ్బాలు.
ఇంత బాగా రాసేదాన్నా నేను?
ఒక పేజీ మధ్యలో
గుండ్రాలు ఆగిపోయి
కుడివైపు వాలిన సన్నటి రాత మొదలైంది.
"ఇక్కణ్ణుంచి నాది" అంది,
దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.
"మిగిలిన కాయితాలు ఖాళీగా ఉండిపోనాయి కదేటి."

ఎవరి రాతని చూసి సిగ్గుపడాలో తెలియలేదు.

చంపావతి వంతెన మీద బస్సు నెమ్మదించింది.
ఏట్లో నీళ్లకన్నా ఇసకే ఎక్కువ.
పరీక్షలకి ఇంకా పదహారు రోజులు.
"చదువు, వింటాను" అన్నాను.
చదివింది. రెండు చోట్ల తప్పు చదివింది.
తప్పని నాకు తెలిసినందుకు
ఎందుకో కొంచెం ఊపిరాడింది.

దిగేటప్పుడు అడిగింది,
"రేపు ఏడున్నర బస్సుకేనా?"
"ఏడు బస్సుకే" అన్నాను.
నమ్మినట్టు లేదు.
పుస్తకం మాత్రం నా చేతిలోనే వదిలి వెళ్లింది.